తక్కువ బరువు జననం – తల్లి వైపు కారణాలు

పుట్టినప్పుడు 2,500 గ్రాముల కన్నా తక్కువ తూగే బిడ్డను ప్రపంచ ఆరోగ్య సంస్థ తక్కువ బరువు శిశువుగా లెక్కిస్తుంది. నెలలు నిండకముందే పుట్టడం ఒక దారి, నిండినా కడుపులో ఎదుగుదల కుంటుపడటం మరొకటి. మన దేశంలో రెండోది చాలా ఎక్కువ.

దానికి మూలం తరచు గర్భానికి ముందే ఉంటుంది. బాల్యంలో తిండి చాలక పొట్టిగా మిగిలిన అమ్మాయికి ఇరవై ఏళ్లు నిండకుండా పెళ్లి చేస్తే, ఆమె శరీరమూ బిడ్డా ఒకే కంచానికి పోటీ పడతాయి. రక్తహీనత (హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గడం), కాన్పుకూ కాన్పుకూ ఎడం లేకపోవడం, అధిక రక్తపోటు, మలేరియా, పొగాకు, వంటింటి పొగ, నెలలు నిండుతున్నా తప్పని బరువు పనులు ముప్పును పెంచుతాయి. కవలలైతే చెప్పనక్కర్లేదు.

ఈ విషయంలో సికింద్రాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థది పెద్ద పాత్ర. 1918లో కూనూర్‌లో మొదలై 1958లో ఇక్కడికి వచ్చిన ఈ సంస్థ, 1987–90లో హైదరాబాద్ పరిసర గ్రామాల్లో గర్భిణులకూ పిల్లలకూ అదనపు ఆహారం ఇచ్చి ఫలితాలు పరిశీలించింది. పుట్టిన బరువులో తేడా స్వల్పమే. గర్భం వచ్చాక పెట్టే తిండి అవసరమే గాని, అదొక్కటే చాలదని దీన్నిబట్టి అనుకోవాలి.

ఆ తిండి తల్లికే అందాలని, తెలంగాణ ఆరోగ్యలక్ష్మి పథకంలో గర్భిణి అంగన్‌వాడీలోనే కూర్చుని అన్నం, పప్పు, గుడ్డు, 200 మి.లీ. పాలు తీసుకోవాలి. ఇంటికి పంపితే ఆ గుడ్డు పిల్లల కంచంలోకే వెళ్తుంది.