దసరా కానుకపై పన్ను ఎవరు కట్టాలి?

విజయవాడ: దసరా వచ్చిందంటే బీసెంట్ రోడ్డులోని బట్టల దుకాణం మొదలుకొని ఆటోనగర్‌లోని షెడ్డు వరకు సిబ్బందికి ఏదో ఒకటి ఇవ్వడం బెజవాడ ఆనవాయితీ. ఒకచోట కొత్త బట్టలు, మరోచోట స్టీలు సామాను, ఇంకోచోట నగదు కవరు. వీటికీ ఆదాయపు పన్నుకూ సంబంధం ఉందన్న సంగతి మార్చిలో ఆడిటర్ చెప్పేవరకు చాలామంది యజమానుల దృష్టికి రాదు. అప్పటికప్పుడు ఆ నెల జీతంలో కోత పడితే ఉద్యోగికి కానుక ముచ్చట కాస్తా చేదవుతుంది.

చట్టం దృష్టిలో జీతమంటే నెలనెలా చేతికందే సొమ్ము ఒక్కటే కాదు. ఉద్యోగం కారణంగా యజమాని నుంచి ఉచితంగానో, తక్కువ ధరకో అందే వస్తువు, వసతి కూడా జీతంలో భాగమే. ప్రతి చిన్నదానికీ లెక్క కట్టడం సాధ్యం కాదు కనుక 1962 నాటి ఆదాయపు పన్ను నిబంధనల్లో కొన్ని మినహాయింపులు కల్పించారు. పండుగలకు, శుభకార్యాలకు ఇచ్చే వస్తురూప కానుకల విలువ 5,000 రూపాయల లోపు ఉంటే పన్ను లేదన్నారు. ఆ పరిమితి ఒక్కో పండుగకు కాదు, ఏడాది మొత్తానికి. పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఇక్కడే. నగదు కవరుకు ఈ వెసులుబాటు లేదు. అందులో 500 రూపాయలున్నా అది జీతమే. నగదుకు బదులు దుకాణం కూపన్ ఇస్తే మాత్రం దాన్ని వస్తువుతో సమానంగా చూశారు.

ఈ చిల్లర లెక్కల బెడదను తప్పించేందుకు కేంద్రం ఒకసారి టోకు పద్ధతిని ప్రయోగించింది. 2005 బడ్జెట్‌లో అప్పటి ఆర్థిక మంత్రి పి.చిదంబరం అనుబంధ ప్రయోజనాల పన్నును (ఎఫ్‌బీటీ) ప్రవేశపెట్టారు. ఉద్యోగిని వదిలి యజమానిపైనే పన్ను వేశారు. ఎవరికెంత ముట్టిందన్న ఆరా లేదు. కానుకలపై పెట్టిన ఖర్చులో సగాన్ని ప్రయోజనంగా భావించి, దానిపై 30 శాతం వసూలు చేశారు. లక్ష రూపాయల కానుకలు పంచిన కంపెనీ 15,000 రూపాయలు కట్టాలి, సెస్సు అదనం. కంపెనీలకు, భాగస్వామ్య సంస్థలకు ఇది వర్తించింది. సొంతంగా వ్యాపారం చేసుకునే వ్యక్తులకు వర్తించలేదు. పక్కపక్క దుకాణాల్లో ఒకరు పన్ను కట్టగా మరొకరికి ఆ బాధ లేకపోయింది. వ్యాపారం కోసమే చేసిన హోటల్, టెలిఫోన్ ఖర్చులలో 20 శాతాన్ని సైతం ఉద్యోగుల ప్రయోజనంగా లెక్కగట్టడం వ్యాపార వర్గాలకు మింగుడు పడలేదు. ఆ ఫిర్యాదులో న్యాయం ఉంది. చివరకు 2009 జులై 6న బడ్జెట్ ప్రవేశపెడుతూ ప్రణబ్ ముఖర్జీ దీన్ని రద్దు చేశారు. దాంతో భారం తిరిగి ఉద్యోగి ఖాతాలోకి చేరింది.

అయినా యజమాని ఇష్టపడితే ఆ భారాన్ని తానే మోయడానికి 2002 ఆర్థిక చట్టం ద్వారా వచ్చిన దారి ఒకటుంది. నగదు కాని ప్రయోజనాలపై ఉద్యోగి తరఫున యజమాని పన్ను చెల్లించవచ్చు. ఉదాహరణకు, బహూకరించిన ఫ్రిజ్‌కు పన్ను విలువ 30,000 రూపాయలు, జీతమంతా కలిపితే ఆ ఉద్యోగికి పడే సగటు రేటు 10 శాతం అనుకుందాం. యజమాని 3,000 రూపాయలు జమ చేస్తే సరిపోతుంది. ఆ 3,000 మళ్లీ ఉద్యోగి ఆదాయంలో కలవదు. అదే సొమ్మును ‘పన్ను కట్టుకో’ అని చేతికిస్తే అది జీతమై దానిపైనా పన్ను పడుతుంది. యజమానికి ఇందులో ఒక నష్టం లేకపోలేదు. ఇలా కట్టిన పన్నును వ్యాపార ఖర్చుగా చూపించుకోవడానికి వీల్లేదు.

బ్రిటన్‌లో చిన్నాచితకా, అప్పుడప్పుడు ఇచ్చే ప్రయోజనాలకు యజమాని పన్ను శాఖతో ఒప్పందం చేసుకుని ఏడాదికొకసారి మొత్తంగా చెల్లించే పద్ధతి ఉంది. మన దగ్గర అలాంటి ఒప్పందం లేదు. ఉద్యోగివారీగా లెక్క తప్పదు.

గుమాస్తాలు, సేల్స్ సిబ్బందిలో అత్యధికులకు ఈ చింత అక్కరలేదు. కొత్త పన్ను విధానంలో 2025-26 నుంచి జీతగాళ్లకు ప్రామాణిక తగ్గింపుతో కలిపి 12.75 లక్షల రూపాయల వరకు పన్ను పడదు. మేనేజర్లు, ఇంజినీర్లు, కార్పొరేట్ ఆసుపత్రుల్లో జీతానికి పనిచేసే వైద్యుల విషయంలోనే జాగ్రత్త అవసరం.

కోత వేసిన సొమ్మును మరుసటి నెల 7వ తేదీలోగా, మార్చి నెలదైతే ఏప్రిల్ 30లోగా జమ చేయాలి. కోత వేయడం మరిస్తే నెలకు 1 శాతం, వేసి కూడా కట్టకుంటే 1.5 శాతం వడ్డీ పడుతుంది. 1961 చట్టం స్థానంలో తెచ్చిన 2025 ఆదాయపు పన్ను చట్టానికి 2026 ఏప్రిల్ 1ని అమలు తేదీగా నిర్ణయించారు. కనుక ఆ తేదీ తర్వాత ఇచ్చే కానుకలకు పాత 5,000 రూపాయల లెక్కనే పట్టుకుని కూర్చోకుండా, కొత్త నిబంధనల్లోని పరిమితిని ఆడిటర్ వద్ద ముందే సరిచూసుకోవాలి.