ఆ క్లచ్ పానా మీద అక్షరాలు ఎవరివి?

మన బెజవాడ ఆటోనగర్ గురించి ఎవరు రాసినా ‘ఆసియాలోనే పెద్దది’ అని మొదలుపెట్టి లారీ బాడీల దగ్గర ముగిస్తారు. మోటార్ సైకిల్ షెడ్లకు ఒక్క పేరా దక్కదు. దక్కినచోట తప్పు రాశారు. ఆమధ్య ఒక సావనీరులో వేసిన క్లచ్ పానా ఫొటో, దాని కింద రాత గురించే నా గొడవంతా.

ఆ పానా చాలామంది ఎరిగిందే. యెజ్డీ క్లచ్‌లోంచి తీసిన పాత ఇనప ప్లేటు, దానికి మూరెడు పిడి. ప్లేటు లోపలి పళ్లు క్లచ్ బాస్ గాడుల్లో కూర్చుంటాయి. పిడి ఒక చేత్తో అదిమి పడితే బాస్ కదలదు, రెండో చేత్తో నట్టు విప్పుకోవచ్చు. ఇది లేనివాడు స్క్రూడ్రైవర్ అడ్డంపెట్టి సుత్తి అందుకుంటాడు, గాడి అంచు ఎగిరిపోతుంది.

పిడి మీద సెంటర్ పంచ్‌తో చుక్కలు చుక్కలుగా ‘ఆ.న.’ అని కొట్టి ఉంది. సావనీరు రచయిత దాన్ని ‘ఆటోనగర్’ అని చదివి, 1970ల నాటిదని తేల్చి, ఈ పరికరం పుట్టిందే ఇక్కడన్నారు. మూడూ నిలబడవు.

ప్లేటు యెజ్డీదైతే పానా 1970లదేనా? మైసూరు ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1996 దాకా యెజ్డీ బళ్లు తీసింది. పైగా అరిగిన ప్లేటు షెడ్డు మూల ఎన్నేళ్లయినా పడుంటుంది. ఇక అక్షరాలు. సొంత పానా మీద ఊరి పేరు కొట్టుకునే మేస్త్రిని ఎక్కడైనా చూశారా? పేరు కొట్టేది పక్క షెడ్డువాడు పట్టుకెళ్లి తిరిగివ్వడని. అవి మనిషి పొడి అక్షరాలు. పుట్టుక మాటంటారా, మోటార్ సైకిల్ రిపేరు చేసే ప్రతి ఊళ్లోనూ ఎవడో ఒకడు క్లచ్ ప్లేటుకు పిడి తగిలించే ఉంటాడు. హైదరాబాద్ పుత్లీబౌలి వాళ్లు మాదే మొదటిదంటారు. వాళ్ల మాటకూ ఇంతే విలువ.

అసలు విషయం పిడిలో ఉంది. సావనీరాయన దాన్ని తిప్పి చూడనేలేదు, నేను చేత్తో పట్టుకుని చూశాను. అది లారీ కమాను బద్ద. దానికి నేరుగా వెల్డింగు పెడితే అతుకు పక్కన పెళుసెక్కి, గట్టిగా లాగిన రోజున చిట్లుతుంది. అందుకే చేసినవాడు బద్ద కొసను ఎర్రగా కాల్చి, బూడిదలో నిదానంగా చల్లార్చి మెత్తబరిచాడు. తర్వాత బెజ్జాలు వేసి మూడు రివెట్లు కొట్టాడు. లోపలివైపు రివెట్ తలల్ని ఆకురాయితో ప్లేటు మట్టానికి అరగదీశాడు, లేకపోతే పానా సమంగా కూర్చోదు. పక్కనే కమాను పనివాళ్లు లేనిచోట ఇది ఇలా తయారవ్వదు. ఆటోనగర్ గొప్ప చెప్పాలనుకుంటే చెప్పాల్సింది ఇది. పుత్లీబౌలిలో నాకు చూపించిన దానికి నీళ్ల పైపు ముక్క అతికించి ఉంది, దాని గురించి ఎక్కువ చెప్పను.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. ప్లగ్గులో పింగాణీ పగలగొట్టి తీసి బోల్టు దింపిన పిస్టన్ స్టాపర్. పిస్టన్ పైకొచ్చిందో లేదో చూసుకునే సైకిల్ పుల్ల. ఆయిల్ డబ్బా రేకు కోసి రింగుల చుట్టూ చుట్టి, హోస్ క్లిప్పు బిగించి, బోర్ దించే పట్టీ. క్లిప్పు మరీ బిగిస్తే రేకు జారదు, వదులైతే రింగు విరుగుతుంది. పాత బుల్లెట్ టాపెట్లకైతే గేజీ కూడా అక్కర్లేదు: చల్లటి ఇంజన్‌లో పుష్‌రాడ్ వేళ్లతో తిరగాలి, పైకీ కిందకీ ఆడకూడదు.

ఈ సామాను ఇప్పుడు కిలోల లెక్కన పాత ఇనుముకు పోతోంది. మీ షెడ్డులో ఉంటే, అమ్మే ముందు ఏ బండికి చేసిందో, పిడి దేనిదో ఒక కాగితం మీద రాసి, ఫొటో తీసి ఉంచండి. సావనీరు మళ్లీ వేసేవాళ్లకు ఒక మనవి: ఆ ఫొటో కింద ‘ఆటోనగర్ ముద్ర’ తీసేసి ‘యెజ్డీ ప్లేటు, కమాను పిడి, మూడు రివెట్లు’ అని వేయండి.