ఉప్పునీటిని వేరుచేసిన చరిత్ర

పడవ ఇంజన్ వేడెక్కితే ముందు పంపును అనుమానిస్తారు. సముద్ర యంత్రాల చరిత్ర మాత్రం ఉప్పునీటినే ముద్దాయిగా నిలబెడుతుంది. తొలి ఆవిరి ఓడల బాయిలర్లలో సముద్రపు నీరే మరిగేది. గోడలకు పేరుకున్న ఉప్పు, సున్నపు పొర వేడిని అడ్డుకునేది. అక్కడి లోహం కాలి బలహీనపడేది. 1834లో శామ్యూల్ హాల్ పేటెంట్ పొందిన సర్ఫేస్ కండెన్సర్ ఆవిరిని మంచినీటిగా మార్చి తిరిగి బాయిలర్‌కు పంపింది. చల్లబరిచే పని మాత్రమే ఉప్పునీటికి వదిలింది. 1838లో అట్లాంటిక్ దాటిన సిరియస్ అనే ఆవిరి ఓడలో ఉన్నది ఈ ఏర్పాటే. నేటి డీజిల్ పడవల్లోని హీట్ ఎక్స్ఛేంజర్ కూడా ఉప్పునీటిని, మంచినీటిని అలాగే వేరుగా ఉంచుతుంది.

దాంతో బెడద తీరిపోయిందని అనుకోవచ్చు. నిజానికి అది చోటు మార్చుకుంది. ఇప్పుడు ఆ పొర ఎక్స్ఛేంజర్ గొట్టాల్లో, ఎగ్జాస్ట్ మలుపులో పేరుకుంటుంది. పంపులోని రబ్బరు ఇంపెల్లర్ రెక్క విరిగితే ఆ ముక్కలూ ఆ దారిలోనే ఇరుక్కుంటాయి. ఇంజన్ వేడిని చూపే మీటర్ మామూలుగా ఉందన్న ధీమా చాలదు, అది సెన్సర్ ఉన్నచోటి వేడినే చెబుతుంది. వేడి ఇంజన్ అంతటా పెరిగితే ముందుగా నీటి రాకను, ఒక సిలిండర్ దగ్గరే పెరిగితే లోపల మూసుకున్న దారిని వెతకాలి. పంపు మార్చి ఊరుకుంటే జబ్బు అలాగే మిగిలిపోవచ్చు.