మారు
ఒక సంస్థ తన పై ఉద్యోగులకు పంచిన శిక్షణ కాగితం ఈమధ్య నా చేతికొచ్చింది. ‘మార్పుకు ఎదురయ్యే ప్రతిఘటనను అణచడం ఎలా’ అని అందులో ఒక శీర్షిక. కొత్త కంప్యూటర్ పద్ధతి గురించి గుమాస్తాలు అడిగిన సందేహాలకు అంత మాట వాడినందుకు మనసు నొచ్చుకుంది. 1985 నాటి ‘ప్రతిఘటన’ సినిమా తర్వాత మనకు ఆ మాటంటే అన్యాయం మీద తిరగబడటమే. అసలు మార్పు అన్న మాట స్వభావమే వేరు. దాని మూలం ‘మారు’, పాత రాతలో బండిరతో ‘మాఱు’; అచ్చమైన ద్రావిడ పదం. కన్నడంలో మారు అంటే అమ్మడం. మనకు మారకం, మారుబేరం మిగిలాయి. ఒకటి ఇచ్చి ఒకటి పుచ్చుకోవడమన్నమాట. తమిళ ‘మాఱ్ఱం’కి మార్పు అనీ, బదులు పలుకు అనీ రెండర్థాలు. మనమూ ‘మారు పలకలేదు’ అంటాం. ఇప్పటి ఆఫీసు భాషలో ఆ ఇచ్చిపుచ్చుకోవడం పోయి, పైనుంచి దిగే ఉత్తర్వు ఒక్కటే మార్పయింది. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసినప్పుడు, పట్టాభి సీతారామయ్య 1923లో నిలబెట్టిన ఆ పేరు ఉంచమని అడిగినవాళ్లది ప్రతిఘటన అనను, అది మారుమాట. మారుపేరు, మారుమనువు, మారు వడ్డన అన్నీ ఈ ఇంటివే. నాకు ఎక్కువ ఇష్టమైంది మారాకు. మా అమ్మ వంగ నారు పీకి నాటితే నాలుగు రోజులు మొక్కలు తలలు వాల్చేసేవి; వాటి మీద విసుక్కోకుండా పక్కన కొమ్మలు గుచ్చి నీడ పెట్టి, పూటపూటా నీళ్లు చిలకరించేది, మారాకు తొడిగిందాకా.