తొమ్మిదింటికి మూసే దారి

హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయేవాళ్లు ఇవాళ మారు ఆలోచన లేకుండా మన్ననూర్ దారి పడతారు. 1677లో శివాజీ ఆ దారి పట్టలేదు. గోల్కొండలో తానీషాతో ఒప్పందం కుదుర్చుకుని దక్షిణాదికి దండు నడిపిస్తూ, కర్నూలు వైపు చుట్టు తిరిగి మల్లన్న దగ్గరికి పోయాడు. నూటయాభై ఏళ్ల తర్వాత ఏనుగుల వీరాస్వామయ్యదీ అదే వరస. 1830 మే 18న మద్రాసులో కాశీయాత్రకు బయల్దేరిన ఆయన శ్రీశైలం ఎక్కింది ఆత్మకూరు వైపు నుంచి. కొండ మీది నుంచి ముక్కుసూటిగా ఉత్తరానికి పోతే హైదరాబాదే. అయినా ఎక్కిన దారినే ఆత్మకూరుకు దిగివచ్చి, కృష్ణ దాటి, వనపర్తి, జడచర్లల మీదుగా హైదరాబాద్ చేరుకున్నాడు. పల్లకీలు, బోయీలు, సామాను, పరివారం ఉన్న మనిషికి మధ్యలో మజిలీలు కావాలి, దినుసులు అమ్మే ఊళ్లు కావాలి. మన్ననూర్ అవతల ఉన్నవి చెంచు పెంటలే, అంటే అడవి గూడేలే.

అలాగని ఇటు దారే లేదని కాదు. శ్రీశైలానికి నాలుగు ద్వారాలంటారు కదా: తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. ఆ ఉత్తరద్వారం మన్ననూర్‌కు పక్కనే, రంగాపూర్ పైన కొండ అంచు కింద ఉంది. కాలినడకన పోయే భక్తుడికి ఈ అడవి ఎప్పుడూ తెరిచే ఉంది. చక్రానికే ఆలస్యంగా తెరుచుకుంది.

నల్లమల ఇక్కడ రెండు మెట్లుగా లేస్తుంది. అచ్చంపేట మైదానం నుంచి మొదటి మెట్టు ఎక్కితే మన్ననూర్, అమ్రాబాద్. సముద్రమట్టానికి సుమారు రెండు వేల అడుగులు. ఇంకా సేద్యం ఉంటుంది, ఊళ్లుంటాయి, ఒంటి నిండా మచ్చలతో పొడ తూర్పు పశువులు రోడ్డు దాటుతుంటాయి. 2020లో దేశవాళీ జాతుల జాబితాకెక్కిన పశువులవి. హారన్ కొడితే పక్కకు జరిగే రకం కాదు. మన్ననూర్ దాటాక రెండో ఘాట్. ప్రతాపరుద్రుడి కోట అని జనం చెప్పుకునే పాత గోడలు ఈ ఎక్కుడులోనే ఉన్నాయి. పైకి చేరాక పొలాలు ఉండవు. ఒకప్పుడు నిజాం కొలువు వేటకొచ్చిన ఫరహాబాద్ అదే. వేట బంగళా ఇప్పుడు శిథిలం, పేరు మాత్రం సఫారీ బోర్డు మీద బతికి ఉంది.

ఈ పై మెట్టు ఖాళీ అడవి అనుకుంటే పొరపాటు. 1939లో యుద్ధం మొదలయ్యేసరికి ఇండియాలో చిక్కుబడిపోయిన క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా పరిశోధకుడు, నిజాం రాజ్యం దాటి పోకూడదన్న ఆంక్షల మధ్య, 1940లో ఈ చెంచు పెంటల్లో తిరిగాడు. 1943లో ఆయన చెంచుల మీద రాసిన పుస్తకం లండన్‌లో అచ్చయింది. గడ్డలు తవ్వుకుని, తేనె తీసుకుని, ఋతువును బట్టి చోటు మార్చుకునే ఈ మనుషుల బతుకు అడవి మీదే నిలబడిందని ఆయన గట్టిగా చెప్పాక, నిజాం సర్కారు సుమారు లక్ష ఎకరాలను చెంచుల కోసం కేటాయించింది. బయటివాళ్లు రాకుండా కంచె కట్టినట్టే. ఇవాళ ఈ రోడ్డు మీద మిగిలిన నిశ్శబ్దం వెనక మొదటి కాగితం అదేనని నా లెక్క.

తేనె మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. కొండచరియకు వేలాడే పెర తీయడానికి ఒకడు తాడు పట్టుకుని లోయలోకి దిగుతాడు. పైన తాడు కొసను కాపలా కాసేవాడు అన్నో తమ్ముడో కాడు, బావమరిదే అయ్యుండాలి. కిందివాడికి ఏమైనా అయితే తన తోబుట్టువే విధవ అవుతుంది, కాబట్టి తాడు వదలడు. అన్నదమ్ములను నమ్మనిది ఆస్తి తగాదాలున్న మన ఊళ్లే కాదన్నమాట.

తర్వాత పులి వచ్చింది, అంటే కాగితం మీదికి వచ్చింది. 1983లో నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం ఏర్పడింది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ వాటాకు వచ్చిన భాగం అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అయ్యింది. మొత్తం 2,611 చదరపు కిలోమీటర్లు. దాని నడుమ నుంచి పోయే 765వ జాతీయ రహదారికి మన్ననూర్‌లో చెక్‌పోస్టు. రాత్రి తొమ్మిదికి గేటు పడుతుంది, పొద్దున ఆరుకు లేస్తుంది. తొమ్మిదీ ఐదుకు వచ్చిన కారాయన ఎంత పెద్ద మనిషి పేరు చెప్పినా అచ్చంపేట వైపు తిరిగి లాడ్జి వెతుక్కోవలసిందే. లారీవాళ్లు వాదించరు. వరసలో బండి పెట్టి, క్లీనర్‌ను స్టవ్ ముట్టించమంటారు.

ఇలాంటి నిశ్శబ్దపు దారుల కోసం ఫ్రాన్స్‌లో నదీ లోయల వెంట సైకిల్ తొక్కేవాళ్ల కథలు మన యువకులూ చదువుతున్నారు. లాట్, డోర్డోన్, లువార్. అక్కడి నిశ్శబ్దం వేరే విధంగా పుట్టింది. పెద్ద బండ్లన్నీ ఆటోరూట్ అనే పెద్ద రహదారుల మీదికి పోయాక, ఊరూరా తిరిగే జిల్లా రోడ్లు తారు చెడకుండా, జనం లేకుండా మిగిలాయి. 1681లో తెరిచిన మిది కాలువ గట్టు మీద పడవల్ని గుర్రాలు లాగేవి. గుర్రాలు పోయాయి, గట్టు మిగిలింది, ఇప్పుడు సైకిళ్లు పోతున్నాయి. లువార్ వెంట అయితే ఏకంగా తొమ్మిది వందల కిలోమీటర్ల సైకిల్ దారి గుర్తులు పెట్టి చూపించారు. అంటే పాతబడి, పనిలేక మిగిలిపోయిన దారులవి. నల్లమల దారి పనిలేనిది కాదు. దాని మీద రద్దీ పెరుగుతూనే ఉంది. నిశ్శబ్దంగా ఉన్నంతసేపూ ఎవరో ఒకరు ఆపి ఉంచడం వల్లే ఉంది: ఒకప్పుడు వేట, తర్వాత చెంచుల పేరిట హద్దు, ఇప్పుడు పులి.

అందుకే ఇక్కడ సైకిల్ తొక్కే వేళ ఒక్కటే, గేటు లేచిన తొలి రెండు మూడు గంటలు. బస్సులు ఇంకా దిగువన ఉంటాయి. మన్ననూర్‌లో టీ తాగి ఘాట్ మొదలుపెడితే చిన్న గేరుతో నిదానంగా పోవడం తప్ప మార్గం లేదు. పైకెక్కాక రోడ్డు అలలా లేస్తూ దిగుతూ వటవర్లపల్లి చేరుతుంది. కుడి ఎడమల టేకు, నల్లమద్ది, వెదురు. కోతులకు సైకిల్ హ్యాండిల్‌కు వేలాడే సంచీ అంటే మహా ఇష్టం, అరటిపండ్లు పెట్టుకుని పోయేవాళ్లు జాగ్రత్త. ఆగి అడవిలోకి నడవడం నిషేధం, ఎలుగుబంటి ఉన్న చోట అది మంచి నిషేధమే. ఫ్రెంచి సైకిల్ యాత్రలకు ఆద్యుడనదగ్గ పాల్ ద వివీ 1887లోనే సెంతేతియెన్‌లో సైకిల్ పత్రిక పెట్టి, ఆకలి వేయకముందే తినండి, దప్పిక కాకముందే తాగండి అని ఊదరగొట్టేవాడు. దుకాణాలు దూరదూరంగా ఉండే ఈ దారికి ఆ మాట అతికినట్టు సరిపోతుంది.

దోమలపెంట దాటాక కృష్ణ లోయలోకి దిగుడు. మలుపు మీద మలుపు. బ్రేకులు వేడెక్కుతాయి, వేళ్లు నొప్పి పుడతాయి, పక్కనున్న లోయను చూసే తీరిక ఉండదు. ఇక్కడే భూమి లోపల ఇంకో దారి ఉంది. నల్గొండకు నీళ్లు తీసుకుపోవడానికి దాదాపు 44 కిలోమీటర్ల పొడవున తలపెట్టిన ఎస్‌ఎల్‌బీసీ సొరంగం. 2025 ఫిబ్రవరి 22న దాని పైకప్పు కూలి ఎనిమిది మంది చిక్కుబడ్డారు. పులి కోసం రోడ్డు ఆపగలిగాం, కొండ కింద పనిచేసే మనిషి సంగతే చూసుకోలేకపోయాం.

కింద కనిపించే డ్యామ్ పని 1960లో మొదలై 1981లో పూర్తయింది. నీళ్లు 885 అడుగుల మట్టం దాకా నిలిస్తే వందకు పైగా ఊళ్లు మునిగాయి. అలంపురం దగ్గరి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురానికి తెచ్చి కట్టారు. జటప్రోలు, సోమశిల గుళ్లూ అలాగే ఒడ్డుకెక్కాయి. మనుషులకు అంత శ్రద్ధగా మరో చోట ఇల్లు కట్టిచ్చారని మాత్రం ముంపు గ్రామాలవాళ్లెవరూ అనరు. నది వెంట నిజంగా తొక్కాలనుకునేవాళ్లకు ఘాట్ కంటే కొల్లాపూర్ నుంచి సోమశిల పోయే చిన్న రోడ్డే నయం. మామిడి తోటల మధ్య నుంచి పోయి నీళ్ల దగ్గర ఆగిపోతుంది. అవతలి ఒడ్డు సిద్ధేశ్వరం. రెంటినీ కలిపే తీగల వంతెనకు 2022లో కేంద్రం ఒప్పుకుంది. వంతెన లేస్తే ఆ రోడ్డు కూడా దూరప్రయాణాల దారి అవుతుంది.

మన్ననూర్ దారికీ అలాంటి ప్రతిపాదనే ఉంది. అడవి మీదుగా స్తంభాలపై ఎలివేటెడ్ కారిడార్ కడితే జంతువులు కింద తిరుగుతాయి, బండ్లు పైన రాత్రింబవళ్లు పోతాయి అంటున్నారు. జంతువుల సంగతి అటవీ నిపుణులు తేల్చాలి. కారు అద్దం దించితే వినిపించే అడవి మాత్రం అక్కడికి అందదు.

ఈలోగా ఫ్రెంచివాళ్ల గడియారం ఒకటి మన దగ్గరికీ వచ్చింది. 1891లో మొదలైన పారిస్–బ్రెస్ట్–పారిస్ సైకిల్ పోటీ సంప్రదాయం నుంచి పుట్టిన బ్రెవేలు, అంటే గడువు పెట్టి తొక్కే దూరపు సైకిల్ యాత్రలు, హైదరాబాద్‌లోనూ జరుగుతుంటాయి. 400 కిలోమీటర్లకు 27 గంటల గడువు, అంటే ఆగినా పడుకున్నా కలిపి గంటకు సుమారు 15 కిలోమీటర్లు. రాజధాని నుంచి శ్రీశైలానికి రానుపోను నాలుగు వందల పైచిలుకు, సరిగ్గా ఆ కొలతకు దగ్గర. ఆ వేగంతో పొద్దున ఆరింటికి బయల్దేరినవాడు శ్రీశైలం చేరేసరికి రాత్రి ఎనిమిదిన్నర. ఇక వెనక్కి అడవిలో అడుగు పెట్టనివ్వరు. తెల్లారి గేటు లేచాక మిగిలే మూడు గంటల్లో రెండు వందల కిలోమీటర్లు ఎవడి తరమూ కాదు. అదే రాత్రి ఎనిమిదిన్నరకు హైదరాబాద్‌లో కదిలితే పొద్దున ఆరుకు మన్ననూర్, పదకొండుకు శ్రీశైలం, సాయంత్రం నాలుగుకు మళ్లీ మన్ననూర్.