సూర్యుడి చెంత సౌర పవనం వేగం

1962లో శుక్రుడి వైపు వెళ్తున్న మారినర్-2 నౌక నెలల తరబడి ఒకే సంగతి చెప్పింది: సూర్యుడి నుంచి విద్యుదావేశ కణాల ప్రవాహం ఎడతెగకుండా వీస్తోంది, దాని వేగం సెకనుకు సగటున 500 కిలోమీటర్లు. భౌతికశాస్త్రవేత్త యూజీన్ పార్కర్ 1958లో ఒక పత్రంలో లెక్కగట్టి చెప్పింది ఈ ప్రవాహం గురించే. దీన్నే సౌర పవనం అంటారు. అప్పట్లో ఆ పత్రాన్ని ఇద్దరు సమీక్షకులు తిరస్కరించారు. సంపాదకుడు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్‌కూ ఆ ఊహ రుచించలేదు, కానీ లెక్కలో తప్పు దొరకలేదు కాబట్టి అచ్చువేశారు. విజ్ఞానశాస్త్రంలో నిజాయితీ అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ నాకు కనబడదు.

అయితే మారినర్ కొలిచింది అప్పటికే పూర్తి వేగం అందుకున్న గాలిని. పార్కర్ సిద్ధాంతానికి అసలు పరీక్ష సూర్యుడి దగ్గరే ఉంది. పది లక్షల డిగ్రీలు దాటిన సూర్యుడి బాహ్య వాతావరణం, అంటే కరోనాలో గాలి మెల్లగా బయల్దేరి, కొన్ని సౌర వ్యాసార్థాల దూరంలోనే ధ్వని వేగాన్ని మించాలి. ఒక సౌర వ్యాసార్థం సుమారు 7 లక్షల కిలోమీటర్లు. వేగం ఏ దూరంలో ఎంత పెరుగుతుందో తెలిస్తేనే దాన్ని తోసే శక్తి ఏదో తేలుతుంది. 1976లో హీలియోస్-2 వెళ్లగలిగిన దగ్గరి చోటు కూడా 60 సౌర వ్యాసార్థాల అవతలే. అందుకే దశాబ్దాల పాటు ఈ కొలత దూరం నుంచే సాగింది.

మొదటి దారి రేడియో తరంగాలది. సుదూరంలోని చిన్న రేడియో మూలాలు సౌర పవనం గుండా చూసినప్పుడు మినుకుమంటాయని 1964లో కేంబ్రిడ్జిలో ఆంటొనీ హ్యూయిష్ బృందం చూపింది. గాలిలోని సాంద్రత హెచ్చుతగ్గులు ఆ తరంగాలను చెదరగొడతాయి. ఆ మినుకు నమూనా ఒక కేంద్రం నుంచి దూరంలోని మరో కేంద్రానికి ఎంతసేపట్లో జరిగిందో చూస్తే వేగం వస్తుంది. గోవింద్ స్వరూప్ నేతృత్వంలో ఊటీ కొండవాలు మీద నిర్మించిన 530 మీటర్ల టెలిస్కోపు ఒక్కటే నిలబడి, మినుకుల వర్ణపటం నుంచి ఆ వేగాన్ని రాబట్టింది. ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది: చూపు రేఖ పొడవునా ఉన్న గాలి అంతా కలిసే కనబడుతుంది.

1995లో బయల్దేరిన సోహో నౌక రెండు కొత్త దారులు తెరిచింది. నీల్ షీలీ బృందం కరోనా చిత్రాల్లో సన్నని పదార్థపు ముద్దలు బయటికి కొట్టుకుపోవడం గమనించి, వరుస చిత్రాల్లో వాటిని వెంబడించింది. 5 వ్యాసార్థాల దగ్గర సెకనుకు 150 కిలోమీటర్లున్న వేగం 25 వ్యాసార్థాలకు 300 అయింది. నిదానపు గాలి వేగం పుంజుకోవడం అలా కళ్లకు కనబడింది. రెండోది అతినీలలోహిత కిరణాల పద్ధతి. కరోనాలోని ఆక్సిజన్ అయాన్లు కింది నుంచి వచ్చే కాంతిని వెదజల్లుతాయి. అవి వేగంగా పైకి పోయే కొద్దీ ఆ కాంతి తరంగదైర్ఘ్యంతో పొంతన తప్పి మసకబారుతాయి. ఆ మసక నుంచే వేగం లెక్క తేలుతుంది. ధ్రువ ప్రాంతాల్లో ఆక్సిజన్ అయాన్ల ఉష్ణోగ్రత 10 కోట్ల డిగ్రీలు దాటిందని కూడా ఇక్కడే బయటపడింది. వేడి పీడనం ఒక్కటే చాలదు, అయస్కాంత తరంగాలూ తోడ్పడుతున్నాయన్న వాదనకు దీంతో బలం వచ్చింది.

చివరికి 2018 ఆగస్టు 12న పార్కర్ పేరిటి నౌకే బయల్దేరింది. దానిలో అయాన్లను కొలిచే ఫారడే పాత్ర అనే పరికరం ఉష్ణ కవచం చాటున కాకుండా నేరుగా సూర్యుడికి ఎదురుగా ఉంటుంది. అందుకే దాని జాలీలు టంగ్‌స్టన్‌తో చేశారు. జాలీ మీద వోల్టేజీ పెంచుతూ పోతే, దాన్ని దాటగల శక్తి ఉన్న అయాన్లే లోపలికి చేరి విద్యుత్ ప్రవాహంగా నమోదవుతాయి. నౌక సొంత వేగమే తొలి సమీప ప్రదక్షిణలో సెకనుకు 95 కిలోమీటర్లు. దాన్ని తీసేశాకే గాలి వేగం మిగులుతుంది.

తొలి కొలతల్లోనే నిదానపు గాలి సెకనుకు 300 కిలోమీటర్ల చుట్టుపక్కల ఉంది. అయస్కాంత క్షేత్రం ఉన్నట్టుండి వెనక్కి మడతపడిన చోటల్లా వేగం ఒక్కసారిగా ఎగసింది. 2021 ఏప్రిల్ 28న 18.8 వ్యాసార్థాల దగ్గర నౌక మొదటిసారి కరోనాలోకే అడుగుపెట్టింది. తొలి కొలతల్లో ఎవరూ ఊహించనిది మాత్రం పక్కవాటు వేగం. సూర్యుడి భ్రమణం గాలిని తనతో కొంత లాక్కుపోతుందని తెలుసు. కానీ అది సెకనుకు 35 నుంచి 50 కిలోమీటర్ల దాకా ఉంది, నమూనాలు చెప్పినదానికి ఎన్నో రెట్లు. సూర్యుడు తన భ్రమణ వేగాన్ని ఎంత త్వరగా కోల్పోతున్నాడన్న లెక్కను మళ్లీ చూడాల్సిన అవసరం అక్కడి నుంచే వచ్చింది.