జనగామ పల్లెల్లో చిందు ఆట

పాత నాటకశాల ఎక్కడుందని అడిగితే కొన్ని పట్టణాల వాళ్లు ఒక భవనం చూపిస్తారు. మా జనగామ పల్లెల్లో నాటకాన్ని నిలబెట్టింది ఊరి కట్టుబాటు. ఏ ఊళ్లో ఏ చిందు యక్షగాన మేళం ఆడాలో, ఆ ఊరు వాళ్లకేమివ్వాలో తాతల నాడే తేలిపోయింది. దాన్ని మిరాశీ అంటారు. మా రంగస్థల చరిత్రంతా ఆ హక్కు మీదే నడిచింది.

పాటతో కథ నడపడం ఈ నేలకు పాత విద్యే. మా పాలకుర్తి కవి పాల్కురికి సోమనాథుడు ‘పండితారాధ్య చరిత్ర’లో శ్రీశైలం శివరాత్రికి చేరినవాళ్ల ఆటపాటలను వరసపెట్టి వర్ణించాడు. గంధర్వులుగా, యక్షులుగా వేషం కట్టి పాడేవాళ్లు అందులో కనిపిస్తారు. కాకతీయుల ఏలుబడిలోనే, 1213లో, పాలంపేట రామప్ప గుడికి రాతి రంగమండపం అమరింది. ఊరి జనానికి మాత్రం వాడ నడుమ ఖాళీ జాగే మండపం.

చిందు కళాకారులు మాదిగల ఆశ్రిత కులం. వాళ్ల మిరాశీ మాదిగవాడతోనే ముడిపడింది. వాడ ఇచ్చే కట్నం పేరు త్యాగం. సారంగధర, చెంచులక్ష్మి, ప్రహ్లాద వంటి ఆటలెన్ని ఆడినా, వాళ్లకు జాంబపురాణం ప్రత్యేకం. అందులో గోసంగి వేషం బ్రాహ్మణుడికి ఎదురు నిలిచి, ప్రశ్నకు ప్రశ్న వేసి, సృష్టి పుట్టుక చెబుతుంది. మాదిగ కులానికి మూలపురుషుడు జాంబవంతుడని చాటుతుంది. అంటరానితనం రాజ్యమేలిన రోజుల్లో జనం ముందు ఆ మాట పలకడం చిన్న సంగతి కాదు. ఆ వాదం కోసమే ఈ ఆట మా చరిత్రలో ముందు వరసలో ఉండాలి.

ఆట రాత్రి మొదలైతే తెల్లారేదాకా సాగేది. ముఖానికి అర్దళం పూసి, కళ్లకు కాటుక తీర్చి, కాళ్లకు గజ్జెలు కట్టేవారు. కిరీటాలూ భుజకీర్తులూ తేలికైన కర్రతో చెక్కినవి. వాటికి అతికిన అద్దపు బిళ్లలు దీపం వెలుగుకు మెరిసేవి. కాగడాలు పోయి పెట్రోమాక్సులొచ్చినా మద్దెల, తాళం, వంతపాట మారలేదు. ఇంటిల్లిపాదీ కళాకారులే కావడంతో ఆడవాళ్లూ వేషం కట్టేవారు. నిజామాబాద్ వైపు చిందు ఎల్లమ్మ పేరు అలాగే ఊరూరా మోగింది.

మా జిల్లాలోని దేవరుప్పుల మండలానికి పోరాట చరిత్ర కూడా ఉంది. 1946 జులై 4న దొడ్డి కొమురయ్య నేలకొరిగిన కడవెండి ఇక్కడిదే. ఆ తెలంగాణ సాయుధ పోరాటంలో ఆంధ్ర మహాసభ సంఘం తన మాటను బుర్రకథ, గొల్లసుద్దులతో పల్లెలకు చేర్చింది. రాత్రంతా కూర్చుని కథ వినే అలవాటు జనానికి అప్పటికే ఉంది కాబట్టే ఆ మాట అంత దూరం పోయింది.

అదే మండలం అప్పిరెడ్డిపల్లె కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. ఆయన ఐదు దశాబ్దాల్లో 19 వేలకు పైగా చిందు ప్రదర్శనలిచ్చారని ఆ సందర్భంగా ప్రభుత్వం చెప్పింది. లింగాల ఘనపురం మండలం మాణిక్యాపురంలో పుట్టిన ఒగ్గుకథ దిగ్గజం చుక్క సత్తయ్య 2017లో కన్నుమూశారు. ఈ రెండు పల్లెల పేర్లు మా పిల్లలు బడిలోనే నేర్చుకోవాలి.

సినిమా, టీవీ వచ్చాక రాత్రి ఆటకు జనం తగ్గారు. పిల్లలు కూలికీ చదువుకూ పట్నం పోయారు, మిరాశీ ఊళ్లు త్యాగం ఇవ్వడం మరిచిపోయాయి. ఇప్పుడు చిందు వేషం ఎక్కువగా ఊరేగింపుల్లోనో, సభకు ముందు కొద్ది నిమిషాలో కనిపిస్తోంది. గోసంగి వాదం ఆ కాసేపట్లో ఇమడదు. మేళాన్ని పిలిచే ఊరు శాలువా కప్పి పంపకుండా ఒక పూర్తి ఆట అడగాలి, దానికి తగిన త్యాగం ఇవ్వాలి. పంచాయతీలూ జాతర కమిటీలూ ఏడాదికి ఒక్క రాత్రి ఇలా ఒప్పుకుంటే చాలు, వేషం నేర్చుకోవడానికి పిల్లలకు ఒక కారణం దొరుకుతుంది.